చెప్పెటోడి తెలుగు

నేను కథలు రాస్తాను. పగలంతా గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ పని. ఇప్పటికి రెండు పుస్తకాలు వచ్చాయి, రెండూ నేనే వేసుకున్నాను, ఒక్కోటి 300 కాపీలు. ఇండిపెండెంట్ రైటర్ అని చెప్తే ఎవరైనా ముందు అడిగేది, ‘పబ్లిషర్ దొరకలేదా?’ అని. అసలు కారణం చెప్తే నవ్వుతారు. ఒక క్రియాపదం కోసం.

ఆ పదం ‘పోయిండు’.

ఒక సంకలనానికి కథ పంపాను. లేడీస్ హాస్టల్ వాచ్‌మన్ కథ. ప్రూఫ్ వచ్చేసరికి పాత్రల మాటలు అలాగే ఉన్నాయి గానీ, కథనంలో ‘పోయిండు’, ‘జూసిండు’ అన్నవన్నీ ‘వెళ్లాడు’, ‘చూశాడు’ అయిపోయాయి. చెడ్డ ఉద్దేశమేం లేదు, ఎక్కువమందికి అర్థం కావాలి కదా అన్నారు. కథ వెనక్కి తీసుకున్నాను.

కొటేషన్ గుర్తుల లోపల యాస, బయట పుస్తకాల తెలుగు. ఈ ఏర్పాటు మనకి ఎంత అలవాటైందంటే, ఇది ఒక ఏర్పాటని కూడా తోచదు. వాచ్‌మన్ నోరు తెరిస్తే ‘పోతున్న సారూ’ అంటాడు. అతని మనసులో ఏముందో చెప్పాల్సి వచ్చేసరికి మాత్రం డిగ్రీ చదివిన గొంతు ఒకటి వచ్చి చెప్తుంది. అతని భాష మాట్లాడ్డం వరకే, ఆలోచించడానికి పనికిరాదు అన్నట్టు.

మా నాయినకి చదువు రాదు. పాలమూరు నుంచి మేస్త్రీల వెంట బొంబాయి దాకా పోయి పనిచేసినవాడు. ఊరెళ్లినప్పుడల్లా ఆయనకి కథలు చదివి వినిపిస్తుంటాను. ఒకసారి ఎవరో రాసిన వలస కూలీల కథ చదివాను. మంచి కథే. అంతా విని, “ముచ్చట మనదే గానీ, చెప్పెటోడు మనోడు కాదు గదరా?” అన్నాడు. కథన స్వరం గురించి విమర్శ పుస్తకాలు కొన్ని చదివాను. ఇంత తక్కువ మాటల్లో ఎవరూ చెప్పలేదు.

దీన్ని నేనేదో కొత్తగా కనిపెట్టానని కాదు. నామిని ‘పచ్చనాకు సాక్షిగా’లో కథ చెప్పేదే చిత్తూరు పల్లె తెలుగు. రావిశాస్త్రి ‘ఆరు సారా కథలు’ నేను ఇంజనీరింగ్‌లో ఉండగా చదివాను. విశాఖ మాటలకి నాకెవరూ అర్థాలు ఇవ్వలేదు. రెండు కథలయ్యేసరికి చెవి అలవాటు పడింది. అందుకే నా పుస్తకాల చివర పదాల పట్టిక ఉండదు. నాకు పట్టిన ఆ రెండు కథల ఓపిక నా పాఠకుడికీ ఉంటుందని నమ్ముతాను.

రాసే పద్ధతి మామూలే. పొద్దున్నే లేచి రెండు గంటలు రాస్తాను. డ్రాఫ్ట్ అయ్యాక చదివి ఫోన్‌లో రికార్డు చేసి, మెట్రోలో వింటాను. కంటికి బాగున్న వాక్యం చెవికి అబద్ధంలా తగిలితే తీసేస్తాను. తర్వాత ఇద్దరు స్నేహితులకి ఇస్తాను. ఆఫీసు కోడ్ రివ్యూలాగే, కాకపోతే బాగుందా అని అడగను. ‘ఎక్కడ చదవడం ఆపావు?’ అని ఒక్కటే అడుగుతాను.

అలాగని అన్నీ యాసలో రాయను. రెండో పుస్తకంలో శ్రీకాకుళం నుంచి వచ్చిన హాస్టల్ వంటామె కథ ఉంది. ఆమె ‘వచ్చీసాడు’, ‘ఏటి సేత్తాం’ అనడం రోజూ విన్నాను. విన్నాను గానీ, ఆ భాషలో కలలు కన్నవాణ్ని కాదు. ఆమె లోపలి మాట ఆ తెలుగులో రాస్తే అది మిమిక్రీ అవుతుంది. అందుకే ఆ కథని ఆమె దగ్గర అన్నం తిన్న పాలమూరు కుర్రాడు చెప్తాడు. ఆమెని అతను ఎంత అర్థం చేసుకున్నాడో కథ అంతవరకే వెళ్తుంది. ఆ హద్దు చదివేవాళ్లకి కనపడాలనే అలా రాశాను.

వీటికి ఖరీదు ఉంది. రెండో పుస్తకం కాపీలు 90 దాకా ఇంకా మంచం కింద ఉన్నాయి. మొదటి పేజీలోనే ఆగిపోయామన్నవాళ్లూ ఉన్నారు.

ఇప్పుడు రాస్తున్నది నైట్ షిఫ్ట్ క్యాబ్ డ్రైవర్ చెప్పే పెద్దకథ. అతని తెలుగులో లాగిన్, డ్రాప్, ఎస్కార్ట్ అన్నీ ఉంటాయి. ‘లాస్ట్ డ్రాప్ కొట్టి, బండి పక్కకు వెట్టి జరసేపు పండుకున్న’ అంటాడు. మా నానమ్మ తెలుగు కాదిది, టీవీలో వినపడే తెలంగాణ యాసా కాదు. దీన్ని ఎక్కడా సర్దకుండా నూరు పేజీలు నడపగలనా అన్నదే ఇప్పుడు నా పని. ముప్పయ్యో పేజీలో ఉన్నాను.