తలుపు చప్పుడు

వస్తువు నాణ్యం తేల్చడానికి మనవాళ్లకు తాతల నాటి నుంచీ రెండు పరీక్షలు ఉన్నాయి. ఒకటి చేత్తో ఎత్తి చూడటం, రెండోది వేలితో కొట్టి వినడం. కుండ కొనేటప్పుడు కొట్టి చూస్తాం. కొబ్బరికాయను చెవి దగ్గర ఆడిస్తాం. ఇత్తడి బిందెను ఎత్తి, "బరువుగానే ఉంది, తీసుకోవచ్చు" అంటాం. ఇప్పుడు ఈ పరీక్షలు కార్లకూ వచ్చాయి. షోరూముకు వెళ్లిన ప్రతి కుటుంబంలోనూ ఒక పెద్దాయన ఉంటారు. ఆయన ఇంజను సంగతి అడగరు. తలుపు ఒకసారి తీసి వేస్తారు. "ధబ్"మని మూసుకుంటే తల పంకిస్తారు. "టంగ్"మంటే, "ఇది రేకు డబ్బారా అబ్బాయ్" అని తీర్పు చెప్పేస్తారు. ఆ తీర్పు మీద ఇక అప్పీలు లేదు.

వాహన రుణాల కాగితాలు చూసే ఉద్యోగం కనుక ఇలాంటి తీర్పులు నేను వందల సంఖ్యలో విన్నాను. నేను చదివింది కామర్సు. యంత్రాల గురించి నాకు తెలిసింది ఉద్యోగం నేర్పినదే. అయినా ఈ చప్పుడు వెనక ఏముందో తెలుసుకోవాలన్న కోరిక మాత్రం చాలాకాలంగా ఉండేది. అది తీరే అవకాశం జర్మనీలో దొరికింది.

మా అబ్బాయి ఉద్యోగం చేసే స్టుట్‌గార్ట్ నగరం పోర్షే కార్ల పుట్టిల్లు. అక్కడికి వెళ్లినప్పుడు వాడు అద్దెకుండే భవనం కింద గ్యారేజిలో రెండు పోర్షే 911 కార్లు పక్కపక్కనే కనిపించాయి. ఒకటి 1996 నాటిది, రెండోది 1999 నాటిది. మొదటి దాని యజమాని ఉద్యోగ విరమణ చేసిన ముసలాయన. రెండో దాని యజమాని మా అబ్బాయి వయసువాడు. మన పల్లెల్లో ఎద్దుల గురించి వాదించుకున్నట్టు వాళ్లిద్దరూ ఆ కార్ల తలుపుల గురించి వాదించుకుంటారట. నా ఆసక్తి చూసి ఇద్దరూ ఎంతో మర్యాదగా, "మీరే వేసి వినండి" అన్నారు.

పాత కారు తలుపు "టక్"మని మూసుకుంది. మా బ్యాంకు ఇనప్పెట్టె గడియ పడినప్పుడు వచ్చే చప్పుడు అచ్చంగా అదే. ఇనుము మీద ఇనుము పడిన చప్పుడు. కొత్త కారు తలుపు తీయబోతే ముందు కిటికీ అద్దం వేలెడంత కిందికి జారింది. వేస్తే "ధుప్"మని మెత్తగా మూసుకుని, అద్దం మళ్లీ పైకి లేచి రబ్బరులో కూర్చుంది. ముసలాయన తన కారు తలుపు మీద చెయ్యి వేసి, "ఇదీ అసలైన ఇనుము" అన్నారు. మా అబ్బాయి ఆ మాట నాకు తెలుగులో చెప్పి నవ్వాడు.

మూడేళ్ల తేడాతో వచ్చిన రెండు కార్లకు ఈ తేడా ఎందుకు? మొదటి కారు 993 అనే వరుసకు చెందినది. 911 కార్లలో గాలితో చల్లబడే ఇంజను ఉన్న చివరి వరుస అదే. దాని తయారీ 1998లో ఆగిపోయింది. దాని తలుపుకు కిటికీ చుట్టూ ఉక్కు చట్రం ఉంటుంది. ఆ తలుపు రూపం చాలావరకు 1960ల నాటిదే. రెండోది 1997లో వచ్చిన 996 వరుస. నీటితో చల్లబడే ఇంజను, పూర్తిగా కొత్త శరీరం. తలుపుకు పై చట్రం లేదు, అద్దం ఒంటరిగా నిలబడుతుంది. ఆ అద్దం రబ్బరు అంచులో ఇరుక్కోకుండా తీసేటప్పుడు దిగి, వేశాక ఎక్కే ఏర్పాటు చేశారు. తలుపు కట్టుబడి మారింది కాబట్టి చప్పుడూ మారింది.

ఇక బరువు సంగతి. "అసలైన ఇనుము" అన్న 993 మామూలు కారెరా బరువు 1370 కిలోలు. మెత్తగా మూసుకున్న 996 కారెరా బరువు 1320 కిలోలు. అంటే కొత్తది 50 కిలోలు తక్కువ. అందువల్ల చప్పుడూ పలచబడిందని ముసలాయన వాదం. కానీ కొత్త కారు పొడవు 4430 మిల్లీమీటర్లు, పాతది 4245. దాదాపు జానెడు పొడవు పెరిగి, బరువు తగ్గి, శరీరం మెలి తిరగకుండా నిలిచే గట్టిదనంలో పాతదాన్ని మించింది. చెవికి గట్టిగా తోచినది పాతది, కొలతకు గట్టిగా తేలినది కొత్తది.

కామర్సు చదివినవాడిగా నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది దీని వెనకనున్న జమాఖర్చుల కథ. 1990ల మొదట్లో పోర్షే కంపెనీ అమ్మకాలు పడిపోయి నష్టాల్లో కూరుకుపోయింది. అప్పుడు పగ్గాలు చేపట్టిన వెండెలిన్ వీడెకింగ్ జపాను నుంచి ఉత్పత్తి నిపుణులను పిలిపించారు. వాళ్లు టయోటా పద్ధతులు తెలిసినవాళ్లు. గోదాముల్లో పేరుకుపోయిన సరుకు, కార్మికుల అనవసరమైన నడక, ఒకే పనికి రెండుసార్లు శ్రమ, ఇవన్నీ తగ్గించారు. కొత్త కార్ల రూపకల్పనలోనూ అదే పొదుపు. 1996లో వచ్చిన చౌకరకం బాక్స్‌టర్‌కూ, ఆ మరుసటి ఏడు వచ్చిన ఖరీదైన 911కూ ముందు భాగమూ తలుపులూ ఉమ్మడిగా పెట్టారు. ఒకే గుడ్డ తాను నుంచి అన్నకూ తమ్ముడికీ చొక్కాలు కుట్టించినట్టన్నమాట. ఆ పొదుపు కంపెనీని నిలబెట్టింది. పాత అభిమానులకు మాత్రం తలుపు వేసిన ప్రతిసారీ తమ్ముడి చొక్కా గుర్తొచ్చింది. 996 చాలా ఏళ్లపాటు 911లన్నింటిలోకీ తక్కువ ధర పలికిందంటే అందులో ఈ మనసు నొప్పి పాత్ర కూడా ఉంది.

ఇంకా వెనక్కి వెళితే బరువుకు మరో కారణం కనిపిస్తుంది. 911 మొదట 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో 901 పేరుతో కనిపించింది. నడుమ సున్నా ఉన్న మూడంకెల పేర్ల మీద ప్యూజో కంపెనీ అభ్యంతరం చెప్పడంతో 1964లో 911 అయింది. అప్పుడు బరువు 1080 కిలోలు. ఆ తరువాత అమెరికా ప్రభుత్వం ప్రమాదాల గురించి నిబంధనలు తెచ్చింది. పక్కనుంచి గుద్దినా లోపలికి నొక్కుకుపోకుండా తలుపుకు ఇంత బలం ఉండాలన్న నియమం 1973లో అమలుకు వచ్చింది. నెమ్మదిగా తగిలితే దెబ్బతినని బంపర్లు ఉండాలన్న నియమమూ ఆ రోజుల్లోదే. 1974 మోడలు 911కు మడతల రబ్బరుతో పెద్ద బంపర్లు వచ్చింది అందుకే. ఆ తరువాత పవర్ స్టీరింగు, చక్రాలు జారకుండా బ్రేకు వేసే ఏర్పాటు, గాలిసంచులు ఒక్కొక్కటే చేరాయి. 1990 నాటికి కారెరా 2 బరువు 1350 కిలోలు. ఇటీవలి 992 వరుస మామూలు కారెరా 1505 కిలోలు. పై రేకులు, తలుపులు అల్యూమినియంతో చేసినా ఇంత బరువు! అంటే అరవై ఏళ్లలో పెరిగిన నాలుగువందల పైచిలుకు కిలోలకు రేకు మందం కారణం కాదు. కారు పెద్దదైంది, చట్టాలు వచ్చాయి, సౌకర్యాలు చేరాయి.

బరువే గొప్పదనం అనుకునేవారు తెలుసుకోవలసిన కారు ఒకటుంది. 1973 నాటి కారెరా ఆర్.ఎస్. 2.7. పందేలలో అనుమతి కోసం 500 కార్లు చేస్తే చాలనుకుని మొదలుపెట్టి, గిరాకీ వల్ల 1580 చేశారు. అందులో రెండు రకాలు. సౌకర్యాలతో ఉన్న టూరింగ్ రకం 1075 కిలోలు. తేలికరకం సుమారు 960 కిలోలు. ఈ తేలికరకంలో రేకు పలుచన, అద్దం పలుచన, వెనక సీట్లు లేవు, తలుపు లోపలివైపు మెత్త లేదు. తీయడానికి పిడికి బదులు ఒక పట్టీ, అంతే. మన పెద్దాయన దాని తలుపు వేస్తే ఏమంటారో చెప్పనక్కరలేదు. కానీ ఈనాడు ప్రపంచంలో పాత కార్లు సేకరించేవాళ్లు టూరింగ్ కంటే ఈ "రేకు డబ్బా"కే ఎక్కువ డబ్బు పోస్తారు. అది పుట్టింది పరుగు కోసం. ఆ పనికి తేలికదనమే నాణ్యం.

అయితే చప్పుడు ఎక్కడ పుడుతుంది? దీనికి జవాబు స్టుట్‌గార్ట్‌లో కాదు, మన హోసూరులోనే దొరికింది. అక్కడి పారిశ్రామికవాడలో కార్లకు రబ్బరు బీడింగులు చేసే ఒక చిన్న కార్ఖానాకు సరుకు తనిఖీకి వెళ్లేవాణ్ణి. దాని యజమాని మాట కలిపితే మన కృష్ణగిరి వైపు తెలుగు వినిపించేది. ఒకసారి తలుపుల ప్రస్తావన వస్తే ఆయన అన్నాడు: "సార్, జనం రేకు చప్పుడు వింటున్నామని అనుకుంటారు. వాళ్లు వినేది నా రబ్బరును." ఒక పాత తలుపు తెచ్చి చూపించాడు. వట్టి రేకును కొడితే పళ్లెంలా మోగింది. లోపలివైపు తారు పట్టీ ఒకటి అంటించి కొట్టాడు. మోత చచ్చిపోయి "ధబ్" అంది. తాళం పడేచోట ఇనుముకు ప్లాస్టిక్ తొడుగు వేస్తే "టక్" పోతుందనీ, తలుపు చుట్టూ బోలు రబ్బరు సరిగ్గా నలిగితే చివరి అదురు కూడా ఆగిపోతుందనీ చెప్పాడు. ఈ సామగ్రి అంతా కలిపి కొద్ది కిలోల బరువు. పెద్ద కంపెనీలలో ఈ చప్పుడును శ్రుతి చేయడానికే ఇంజనీర్లు ఉన్నారు. కొనేవాళ్లు లోతైన, పొట్టి చప్పుడును ఇష్టపడతారని వాళ్లకు బాగా తెలుసు. మనం పరీక్ష పెడుతున్నామని అనుకుంటాం. ప్రశ్నపత్రం వాళ్ల చేతికి ఏనాడో అందింది.

మా వృత్తిలో ఇలాంటి ఉదాహరణే ఒకటుంది. వెండి రూపాయి బరువు 11.66 గ్రాములు, సరిగ్గా ఒక తులం. అందులో పన్నెండింట పదకొండు వంతులు వెండి. యుద్ధకాలంలో, 1940లో, ఆ వెండిని సగానికి తగ్గించారు. నాణెం బరువు మాత్రం మార్చలేదు. 1947 నాటికి వెండి పూర్తిగా పోయి నికెల్ వచ్చింది. అప్పుడూ బరువు తులమే. తక్కెడలో మూడూ సమానమే. తేడా తెలియాలంటే నాణెం మీది సంవత్సరం చదవాలి.

కారుకూ అంతే. సంవత్సరం చదవాలి, ఆ సంవత్సరం ఏ చట్టం అమలులో ఉందో చూడాలి. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ మనదేశంలో బాగా అమ్ముడయ్యే అయిదు చిన్నకార్లను గుద్దించి పరీక్షించింది. గాలిసంచులు లేని ఆ అయిదింటికీ పెద్దల రక్షణలో సున్నా నక్షత్రాలే వచ్చాయి. వాటిలో తలుపు చప్పుడుకు పేరున్న విదేశీ కంపెనీ కారు కూడా ఉంది. 2017 అక్టోబరు నుంచి కొత్త మోడళ్లకు, 2019 అక్టోబరు నుంచి పాత మోడళ్లకు కూడా మనదేశంలో ముందు నుంచీ పక్క నుంచీ గుద్దే పరీక్షలు తప్పనిసరి అయ్యాయి. 2023 అక్టోబరులో మన సొంత నక్షత్రాల పద్ధతి, భారత్ ఎన్‌క్యాప్, మొదలైంది. పక్కదెబ్బకు అడ్డుగా తలుపు పొట్టలో ఉక్కు దూలం ఒకటి పెడతారు. ఆ తలుపులో మన ప్రాణానికి పనికొచ్చే వస్తువుల్లో ముఖ్యమైనది అదే. తలుపు వేసినప్పుడు అది నోరు విప్పదు.

2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ జిల్లాలో జరిగిన ప్రమాదం చాలామందికి గుర్తుండే ఉంటుంది. పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ ప్రయాణిస్తున్నది ఖరీదైన, బరువైన, పేరున్న జర్మనీ కారు. ముందు సీట్లలో బెల్టు పెట్టుకున్న ఇద్దరూ గాయాలతో బతికారు. వెనక సీట్లలో బెల్టు లేని ఇద్దరూ చనిపోయారు. ఒకే కారు, ఒకే తలుపులు, ఒకే బరువు.

పండుగలకూ పెళ్లిళ్లకూ మనం బెంగుళూరు నుంచి అనంతపురానికి, బరంపురం నుంచి శ్రీకాకుళానికి, షోలాపూరు నుంచి హైదరాబాదుకు కార్లలో వెళ్లివస్తూనే ఉంటాం. అమ్మమ్మలు, పిల్లలు కూర్చునేది వెనక సీట్లోనే. అందుకే ఈమధ్య రుణం కోసం వచ్చే మనవాళ్లకు నేను మూడు మాటలు చెబుతున్నాను. కారు తయారైన సంవత్సరం చూడండి. దాని నక్షత్రాలు ఎన్నో, గాలిసంచులు ఎన్నో అడగండి. వెనక సీట్లో అందరికీ బెల్టు ఉందో లేదో చేత్తో లాగి చూడండి. ఆ తరువాత తలుపు వేసి ఎన్నిసార్లయినా వినండి. దానికి రుసుము లేదు.