డబ్బా అడుగున అట్టముక్క

సారె బయల్దేరే వేళకి సామాను సగమే సిద్ధంగా ఉంటే ఎలా ఉంటుందో మీలో ఎవరికైనా అనుభవమేనా? నాకు అయింది. అదీ నా చేతి మీదుగానే.

తెనాలిలో మా ఇంటి వెనక వరండాలో ఆరేళ్ళుగా పిండివంటలూ, పొడులూ చేసి అమ్ముతున్నాను. నేనూ, సాయానికో అమ్మాయీ. రెండు పొయ్యిలు, ఒక పెద్ద మూకుడు, ఒక మిక్సీ. చేసేవి మాత్రం 22 రకాలు! పోయినేడాది మాఘమాసంలో నా చిన్ననాటి స్నేహితురాలు వాళ్ళమ్మాయి సారెకి అయిదు రకాలు, రకానికి 101 చొప్పున చెప్పింది. నేను చేసిన తెలివైన పనేమిటంటారా? ఎలాగూ మూకుడు పెట్టాం కదా అని జంతికలు 15 కిలోలు వండేశాను. మాటిమాటికీ పిండి తడపడం, గిన్నెలు కడగడం తప్పుతుందని నా లెక్క. తెల్లారేసరికి కజ్జికాయలు 40 కూడా కాలేదు. వియ్యపురాలి ముందు దాని మొహం ఎలా అయిందో నేను చూడలేదు గానీ, ఆ తర్వాత ఏడాది పైన అది నా మొహం చూడలేదు. మిగిలిన జంతికలు సిక్కు వాసనొచ్చి పక్కింటి గేదె కుడితిలో పడ్డాయి.

ఉగాదికి మా తమ్ముడొస్తే వాడి దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. వాడు చెన్నై దగ్గర కార్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో ఏ రోజు ఏ సరుకు చెయ్యాలో చూసే ఉద్యోగి. "అక్కా, మా ఫ్యాక్టరీ జబ్బే నీకూ ఉంది" అన్నాడు. అడగని సరుకు కొండలా పేరుకోవడం, అడిగింది లేకపోవడం!

జపాన్‌లో టొయోటా కంపెనీలో తైచీ ఓనో అనే ఆయన ఈ జబ్బుకి మందు కనిపెట్టాడట. అమెరికా సూపర్ మార్కెట్లలో అరలోంచి జనం తీసుకున్నంతే మళ్ళీ నింపుతారని తెలుసుకుని, 1953 ప్రాంతంలో తన మెషిన్ షాపులో అదే మొదలుపెట్టాడు. సరుకు వాడగానే దాని తాలూకు చీటీ వెనక్కి వెళుతుంది. చీటీ వస్తేనే మళ్ళీ చెయ్యాలి. దాన్నే 'కాన్‌బాన్' అంటారు.

నేనూ పెట్టాను చూడండి. రోజూ పోయే కందిపొడి, కారప్పొడి, సున్నుండలకి రెండేసి డబ్బాలు. మొదటి డబ్బా అడుగున శుభలేఖ అట్టముక్క, దాని మీద 'కందిపొడి 2 కిలోలు' అని. డబ్బా ఖాళీ అయితే అట్ట గోడ మేకుకి ఎక్కుతుంది. మేకుకి అట్ట లేకపోతే మిక్సీ తిరగదు. ఎప్పుడో గానీ అడగని కజ్జికాయలు, అరిసెలకి ఈ పద్ధతి పనికిరాదని తమ్ముడే చెప్పాడు. అవి ఆర్డరొస్తేనే, ఇవ్వాల్సిన రోజు నుంచి వెనక్కి లెక్కేసుకుని చేస్తాను. ఒకేసారి మూడు ఆర్డర్లకి మించి చేతిలోకి తీసుకోను. "వచ్చే లక్ష్మిని పొమ్మంటావా?" అని మావారు సణిగారు. సణగనివ్వండి!

ఇక గిన్నెలు కడిగే బాధ. షిగియో షింగో అనే ఇంజినీరు 1969లో టొయోటాలో వెయ్యి టన్నుల ప్రెస్సుకి అచ్చు మార్చే పనిని నాలుగు గంటల నుంచి గంటన్నరకి, తర్వాత మూడు నిమిషాలకి తెచ్చాడట. కిటుకేమిటంటే, మెషిన్ ఆగాక చేసే పనుల్లో చాలావాటిని అది నడుస్తుండగానే ముందు చేసి పెట్టుకోవడం. ఇప్పుడు జంతికలు వేగుతుండగానే కజ్జికాయల పూర్ణం కలిసిపోతుంది. మిక్సీలో పంచదార ముందు, కందిపొడి తర్వాత, కారం ఆఖర్న. మధ్యలో తుడిస్తే చాలు. మూకుట్లోనూ అరిసెలు చిట్టచివర, బెల్లం దిగితే నూనె నల్లబడుతుంది కదా!

ఫ్యాక్టరీల్లో అన్ని రకాలూ రోజూ కొంచెం కొంచెం చేస్తారట. అది మాత్రం నాకు కుదరలేదు. పాతిక కజ్జికాయల కోసం మూకుడు నిండా నూనె ఎవరు కాస్తారండీ?

మొన్న శ్రావణ శుక్రవారం ఆ స్నేహితురాలు ఫోన్ చేసి తాంబూలానికి రమ్మంది. సారె ఊసు తనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. దానికిష్టమని కందిపొడి పట్టుకెళ్ళాను. దాంతో డబ్బా ఖాళీ అయింది. అట్ట తీసి మేకుకి తగిలించి మరీ గుమ్మం దాటాను.