ఆముదం వాసనొచ్చే విమానం

మా నాన్న ఇంతవరకూ విమానం ఎక్కలేదు. కానీ విమానం ఇంజన్‌ని నాకంటే బాగా ట్యూన్ చేస్తాడు. ఆఫీసులో ఈ మాట చెబితే నవ్వుతారు. నవ్వనీండి.

మాది పిడుగురాళ్ల దగ్గర పల్లె. పిడుగురాళ్ల అనగానే అందరికీ సున్నపు బట్టీలు, తెల్లటి దుమ్ము గుర్తొస్తాయి. ఊరు దాటితే మాత్రం అంతా పత్తి, మిరప. మాకు నాలుగెకరాలు. నేను ఇంజనీరింగ్ చదివి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరా. కోవిడ్ టైమ్‌లో లాప్‌టాప్ పట్టుకుని ఇంటికొచ్చి, వర్క్ ఫ్రమ్ హోమ్ పుణ్యమా అని రెండేళ్లకు పైగా ఇక్కడే ఉండిపోయా. ఆ రోజుల్లోనే ఈ పిచ్చి పట్టింది.

పిచ్చి అంటే ఆర్సీ విమానం. రిమోట్‌తో ఎగరేసే మోడల్. కాలేజీలో మా సీనియర్లు థర్మాకోల్‌తో బ్యాటరీ విమానాలు చేసేవాళ్లు. అవి బాగానే ఎగురుతాయి, ఖర్చు తక్కువ, తలనొప్పీ తక్కువ. అయినా నాకు ఇంజన్ ఉన్నదే కావాలి. ఎందుకని అడిగితే నా దగ్గర గొప్ప కారణమేం లేదు. ఆ శబ్దం, ఆ పొగ, ఆ వాసన. అంతే.

2022లో హైదరాబాద్ నుంచి ఒక ట్రైనర్ కిట్ తెచ్చుకున్నా. రెక్క పైన ఉండే రకం, ఈ చివర నుంచి ఆ చివరకి దాదాపు మీటరున్నర. బాల్సా చెక్క ముక్కలు, ఒక ప్లాన్ కాగితం, కాసిని స్క్రూలు. బాల్సా మీరు చేత్తో పట్టుకుంటే చెక్కని నమ్మరు, అప్పడంలా ఉంటుంది. పగలు ఆఫీస్ కాల్స్, రాత్రి పదింటి తర్వాత మంచం మీద ప్లైవుడ్ వేసుకుని అతికించడం. రెక్కలో ఒక్కో పక్కటెముక నిలువుగా నిలబెట్టి, గుండుసూదులు గుచ్చి, జిగురు చుక్క వేసి ఆగాలి. తొందరపడితే రెక్క మెలి తిరుగుతుంది. మెలి తిరిగిన రెక్క గాల్లో మన మాట వినదు. రెండు రెక్కలు పారేశాక ఈ సంగతి నాకు బోధపడింది.

పైన వేసే రంగు ఫిల్మ్‌ని ఇస్త్రీ పెట్టెతో వేడి చేసి బిగించాలి. మా అమ్మ ఇస్త్రీ పెట్టె అడుగున ఎర్ర ప్లాస్టిక్ అంటుకుపోయింది. ఆమె పట్టుచీర ఇస్త్రీ చేయబోయేదాకా నేను చెప్పలేదు. ఆ రోజు గురించి ఇంతకంటే రాయను.

అసలు మజా ఇంజన్‌లో ఉంది. 7.5 సీసీ. గుప్పిట్లో పడుతుంది. కానీ నిమిషానికి పన్నెండు వేల చుట్లు తిరుగుతుంది. దీనికి బండికి ఉన్నట్టు నిప్పురవ్వ వేసే స్పార్క్ ప్లగ్ ఉండదు, గ్లో ప్లగ్ ఉంటుంది. లోపల ప్లాటినం కలిసిన సన్నటి తీగ. స్టార్ట్ చేసేటప్పుడు ఒకటిన్నర వోల్టుల బ్యాటరీ పెట్టి దాన్ని ఎర్రగా కాలుస్తాం. ఇంజన్ అందుకున్నాక బ్యాటరీ తీసేస్తాం. ఆ తర్వాత మెథనాల్‌కీ ప్లాటినానికీ జరిగే రసాయన చర్య వల్ల, లోపలి వేడి వల్ల తీగ తనంతట తానే కాలుతూ ఉంటుంది.

ఇక ఇంధనం. ఎక్కువ భాగం మెథనాల్, కొంచెం నైట్రోమీథేన్, ఐదో వంతు దాకా నూనె. ఆ నూనె ఏంటో తెలుసా? ఆముదం! ఇప్పుడు సింథటిక్ నూనెలు కలుపుతున్నారు గానీ, ఆముదం వదలనివాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. మెథనాల్‌లో మామూలు ఇంజన్ ఆయిల్ కలవదు, ఆముదం కలుస్తుంది. పైగా ఇంజన్ బాగా వేడెక్కినా దాని జిడ్డు పోదు. మా నాయనమ్మ నా తలకి రాసిన ఆముదమే సైలెన్సర్ నుంచి పొగై వస్తుంటే నాకు భలే నవ్వొచ్చింది.

మెథనాల్ విషయంలో మాత్రం నవ్వు లేదు. అది విషం. కల్తీ సారా తాగి చూపు పోయినవాళ్ల వార్తలు చదువుతుంటాం కదా, అందులో ఉండేది ఇదే. ఇంకోటి, అది అంటుకుంటే పగటి వెలుతురులో మంట సరిగ్గా కనపడదు. కాలుతోందని చెయ్యి పెట్టాకే తెలుస్తుంది. అందుకే డబ్బా బీరువాలో పెట్టి తాళం నా దగ్గరే ఉంచుకున్నా.

మొదటిసారి ఇంజన్‌ని చెక్క స్టాండ్‌కి బిగించి స్టార్ట్ చేసిన రోజు గంటసేపు తిప్పినా అందుకోలేదు. యూట్యూబ్ వీడియో పక్కన పెట్టుకుని నీడిల్ వాల్వ్ అటూ ఇటూ తిప్పుతున్నా. నాన్న అరుగు మీద కూర్చుని చూస్తున్నాడు. చివరికి లేచొచ్చి, "ఇది తైవాన్ పంపు లాంటిదే కదరా?" అన్నాడు.

తైవాన్ పంపు అంటే మిరపకి మందు కొట్టే పవర్ స్ప్రేయర్. వీపుకి తగిలించుకుంటారు. అందులోదీ టూ స్ట్రోక్ ఇంజనే. నాన్న పదిహేనేళ్లుగా దాన్ని మోశాడు. ఆ చప్పుడు చెవి పక్కనే మోగీ మోగీ ఆయనకి ఎడమ చెవి సరిగా వినపడదు. ఇప్పుడు ఊళ్లో డ్రోన్లతో మందు కొట్టిస్తున్నారు. అందుకే నా విమానం చూసిన ప్రతివాళ్లూ, "దీనికి ఎన్ని లీటర్లు పడతయ్ అబ్బాయ్?" అనే అడిగారు. మందు కొట్టదంటే, "మరి దేనికి?" అనేవాళ్లు. నా దగ్గర జవాబు లేదు.

నాన్న ఇంజన్ మీద అరచెయ్యి ఆనించి, "ముక్కు మూసుకుపోయింది దీనికి, మరీ ఎక్కువ తాగింది" అన్నాడు. ప్లగ్ విప్పించాడు, తలకిందులు చేసి లోపలున్నదంతా కార్పించాడు. మళ్లీ బిగించి తిప్పితే రెండో దెబ్బకే అందుకుంది. రిచ్, లీన్ అనే మాటలు నేను పుస్తకంలో చదివా. నాన్న భాషలో రిచ్ అంటే 'తాగడం', లీన్ అంటే 'ఎండటం'.

ఎగరేయడానికి ముందు నియమాలు కూడా చదివా. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం 25 కిలోల లోపు ఉండి, సరదాకో చదువుకో, కంటికి కనిపించేంత దూరంలోనే ఎగరేస్తే అది మోడల్ విమానం కిందకి వస్తుంది. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల ఎత్తు దాటకూడదు. మ్యాప్ చూసుకున్నా, అన్నీ సరిగ్గా ఉన్నాయి. నాది రెండున్నర కిలోలే. కంప్యూటర్‌లో సిమ్యులేటర్ మీద నెల రోజులు ప్రాక్టీస్ చేశా. హైదరాబాద్‌లో కిట్ అమ్మినాయన ఒక్క మాట చెప్పాడు, "మొదటిసారి ఒంటరిగా ఎగరేయకు. తెలిసినవాళ్లు పక్కన ఉండాలి" అని. తలూపి వచ్చేశా.

2023 జనవరి చివరి శనివారం. ముందు రోజు మధ్యాహ్నం ఎండలో ఇంజన్‌ని చక్కగా ట్యూన్ చేసి పెట్టుకున్నా. పొద్దున్నే మంచు ఇంకా విడవలేదు. నాన్న కల్లానికి వెళ్తూ, "చలిలో ఇంజన్ మాట వేరే ఉంటది, మళ్లీ చూసుకో" అన్నాడు. నిన్నే చూశా కదా అనుకున్నా.

ఆయన చెప్పింది ఫిజిక్సే. చల్లగాలి చిక్కగా ఉంటుంది, ఒక్కో గుక్కలో ఎక్కువ గాలి లోపలికి పోతుంది. ఇంధనం మాత్రం నీడిల్ వదిలినంతే. అంటే మధ్యాహ్నం సరిపోయిన సెట్టింగ్ తెల్లారేసరికి లీన్ అయిపోతుంది. పైగా విమానం ముక్కు పైకెత్తి ఎక్కేటప్పుడు ఇంధనం ట్యాంకు నుంచి ఇంజన్‌కి ఎదురెక్కాలి, ఇంకా ఎండుతుంది. నాలుగేళ్లు ఇంజనీరింగ్ చదివినోడికి ఇది తట్టాలి. తట్టలేదు.

పత్తి పీకేసిన చేలో డొంక పక్కన చదునుగా ఉంటే అక్కణ్నుంచి లేపా. లేచింది! ఆ పది సెకన్లు నా జీవితంలో మర్చిపోను. యాభై అడుగుల ఎత్తులో గొంతు సన్నబడింది, కీచుమంది, ఆగిపోయింది. ఒక్కసారిగా నిశ్శబ్దం.

ఇంజన్ ఆగితే ఎటు పోతోందో అటే, తిన్నగా దించేయాలి. ముందంతా ఖాళీ చేనే. చెట్టు లేదు, మనిషి లేడు. నేనేమో వెనక్కి తిప్పా. విమానం పాడవకూడదని, నా దగ్గరికి తెచ్చుకుందామని. అది నా వైపు తిరగ్గానే కుడి ఎడమలు తారుమారయ్యాయి. విమానం మనకి ఎదురొస్తుంటే స్టిక్ కుడికి నొక్కితే అది మన ఎడమకి పోతుంది. సిమ్యులేటర్‌లో ఇలా అయినప్పుడల్లా రీసెట్ కొట్టేవాణ్ని. నా వెనక, ఎడమ పక్కన మా కల్లం ఉంది. అక్కడ ఆరుగురు ఆడవాళ్లు కూర్చుని తాలుకాయలు ఏరుతున్నారు.

అరిచానో లేదో నాకు గుర్తులేదు. విమానం మా పెద్దమ్మకి నాలుగడుగుల దూరంలో మిరప రాశిలోకి దూసుకుపోయింది. పెద్దమ్మ అంటే చుట్టం కాదు, ఊరి వరసకి. ఆమె పక్కనే పట్టా మీద నాలుగేళ్ల మనవడు కూర్చుని బన్ను తింటున్నాడు.

నేను పరిగెత్తి వెళ్లేసరికి నాన్న వాణ్ని చంకలో వేసుకుని దూరంగా నిలబడ్డాడు. "అంటుకుంటదా ఇది?" అని ఒక్కటే అడిగాడు. ట్యాంకు పగిలి ఇంధనం కాయల మీద కారింది. నేను తలూపగానే బిందెడు నీళ్లు కుమ్మరించాడు. మంట ఏదీ లేదు. ఆ చుట్టూ ఉన్న కాయలన్నీ, రెండు గంపల దాకా ఉంటాయి, ఎత్తి గుంటలో పూడ్పించాడు. ఒక్క మాట అనలేదు.

పెద్దమ్మ కూడా ఏమీ అనలేదు. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది. మా చేలో కూలికొచ్చిన మనిషి, నేను ఆసామి కొడుకుని. అదే తన కొడుకు చేసుంటే చీపురు తిరగేసేది.

రాత్రి అన్నం దగ్గర నాన్న అన్నాడు, "పంపు ఆగితే నా వీపు మీదే ఆగుద్ది. నీది ఆగితే ఎవరి మీద పడుద్దో నీకే తెలీదు." అంతే, కంచంలో చెయ్యి కడిగేసి లేచాడు.

మర్నాడు పెద్దమ్మ ఇంటికి వెళ్లా. ఏం చెప్పాలో తెలియక తప్పయిపోయిందన్నా. "పోనీలే అబ్బాయ్, ఏం కాలేదుగా" అని, కాసేపాగి, "ఈసారి ఎగరేసేటప్పుడు ఒక కేకెయ్యి. మేం లేచి పక్కకి పోతాం" అంది. వాళ్లు పని మానుకుని నా ఆట కోసం లేచి పోవాలట. ఆ మాటకి నేను తల ఎత్తలేకపోయా.

విరిగిన విమానం ఐదు నెలలు అటక మీద ఉంది. అప్పుడే మేనార్డ్ హిల్ అనే అమెరికన్ పెద్దాయన గురించి చదివా. 2003 ఆగస్టులో ఆయన బృందం బాల్సాతో చేసిన ఐదు కిలోల లోపు మోడల్ విమానం కెనడాలోని న్యూఫౌండ్‌ల్యాండ్ నుంచి బయల్దేరి, అట్లాంటిక్ దాటి ఐర్లాండ్‌లో దిగింది. మూడు వేల కిలోమీటర్లు, దాదాపు 39 గంటలు. దారి చూసుకోవడానికి జీపీఎస్ ఉన్న ఆటోపైలట్, నడవడానికి ఒక చిన్న ఇంజన్. అప్పటికి ఆయనకి డెబ్బై ఏడేళ్లు. చూపు దాదాపు పోయింది, చెవులూ సరిగ్గా వినపడవు. అంతకుముందు పంపినవి సముద్రం పాలయ్యాయి. నాన్నకి ఈ కథ చెబితే, "మరి చెవుల్లేకుండా ఇంజన్ ఎట్టా చూసేవాడంట?" అని అడిగాడు. మిగతాదేదీ ఆయనకి అక్కర్లేదు.

ఆ జూలైలో ఆఫీసు వాళ్లు వెనక్కి రమ్మన్నారు. హైదరాబాద్ వెళ్లాక బుద్ధిగా ఊరి బయట ఎగరేసే ఒక సీనియర్ దగ్గర చేరా. రెండు రిమోట్లు కలిపి నేర్పిస్తారు. నేను తప్పు చేస్తే ఆయన ఒక్క స్విచ్‌తో తన చేతిలోకి తీసుకుంటాడు. పదకొండు ఆదివారాలు వెళ్లా. అందులో మూడు ఆదివారాలు కేవలం ఇంజన్ ఆపేసి దించడమే. చేయి దానంతటదే ముక్కు కిందకి వంచి, తిన్నగా పోనిచ్చేదాకా ఆయన వదల్లేదు.

2024 మే నెలలో రెక్క కొత్తది కట్టుకుని ఊరికి తెచ్చా. మా పల్నాడులో మే అంటే తెలుసుగా, రెంటచింతల ఎండల పేరు టీవీలో వినే ఉంటారు. చెరువు ఎండిపోయి నెర్రెలిచ్చింది. చుట్టూ పని లేదు, మనిషి లేడు. పొద్దున ఆరింటికే వెళ్లాం. పెద్దమ్మ మనవణ్ని వెంటేసుకుని కట్ట మీదకి వచ్చింది. కట్ట దిగొద్దని ముందే చెప్పా.

ఇంజన్ స్టార్ట్ చేశా. నాన్న విమానాన్ని తోక దగ్గర రెండు చేతులా పట్టుకున్నాడు. ఫుల్ థ్రాటిల్ ఇచ్చాక ముక్కు ఆకాశంలోకి ఎత్తి అలాగే ఉంచాడు. ఆయన చెవి పెట్టలేదు, కళ్లు మూసుకున్నాడు. చేతులతో వింటున్నాడు. నాకు శబ్దం బాగానే ఉందనిపించింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఎండతంది. ఇంకొంచెం తాగనియ్."

నీడిల్ రెండు నొక్కులు వదిలా. మళ్లీ ఎత్తాడు. ఈసారి తలూపాడు.

ఎనిమిది నిమిషాలు ఎగిరింది. ఏ విన్యాసాలూ లేవు, చెరువు చుట్టూ రౌండ్లు, అంతే. ఎండ ముదరకముందే దించా. నెర్రెల మీద గెంతుతూ వచ్చి ఆగింది. నాన్న భుజం మీద తుండు తీసి రెక్క మీది జిడ్డు తుడవడం మొదలుపెట్టాడు. పెద్దమ్మ కట్ట దిగొచ్చి వేలితో రెక్క మీద రాసి వాసన చూసింది. "ఇదేందిరా, ఆముదమేగా!"

పిల్లాడు సైలెన్సర్ వైపు చెయ్యి చాపితే, కాలుద్దని వెనక్కి లాగా. "మళ్లీ ఎగరెయ్" అన్నాడు వాడు. ట్యాంకు నింపా. వాళ్లిద్దరూ కట్ట ఎక్కేదాకా ఆగి, నాన్న మళ్లీ తోక పట్టుకున్నాడు.