పంటినొప్పి వేసిన ప్రశ్న

పంటినొప్పి ఎరుగనివారు అరుదు. అది తగ్గితే చాలునని మనం లవంగనూనె వెదుక్కుంటాం. క్రిస్టాఫ్ కాక్ అనే శాస్త్రవేత్తను మాత్రం ఒక ప్రశ్న వేధించింది: పంటి నుండి మెదడుకు చేరేవి విద్యుత్ సంకేతాలే గదా, అవి బాధగా ఎందుకు పరిణమించాలి?

కాక్ భౌతికశాస్త్రం చదివినవారు. నాడీకణాల తీరును గణిత సమీకరణాలలో చూపడం ఆయన వృత్తి. 1986లో అమెరికాలోని కాల్‌టెక్‌లో అధ్యాపకులయ్యారు. చైతన్యం తత్త్వవేత్తల సొత్తని, ప్రయోగశాలకు తగదని ఆనాడు పలువురు శాస్త్రజ్ఞుల భావన. అయినా ఫ్రాన్సిస్ క్రిక్‌తో కలిసి 1990లో ఆయన దానిపై వ్యాసం ప్రకటించారు. క్రిక్ అప్పటికే నోబెల్ గ్రహీత, డెబ్బయి దాటినవారు. ఆయనకు పోయేదేమీ లేదు. ముప్ఫై మూడేళ్ల కాక్ సాహసమే నాకు గొప్పగా తోస్తుంది. ఏ నాడీకణాలు పనిచేస్తే అనుభవం కలుగుతుందన్నదే వారి ప్రశ్న. ఉపనిషత్తులు విన్న చెవులకిది చిన్న ప్రశ్నే కావచ్చు. చిన్నది కనుకనే పరీక్షకు నిలుస్తుంది.

చిన్నమెదడునే చూడండి. మెదడులోని సుమారు 8,600 కోట్ల నాడీకణాలలో 6,900 కోట్లు అక్కడే ఉన్నాయి. అది దెబ్బతిన్నవారి నడక తడబడుతుంది. కాని రంగు, రుచి, నొప్పి వారికి తెలుస్తూనే ఉంటాయి. కణాల సంఖ్య ఒక్కటే చాలదన్నమాట!

చైతన్యానికి ఆధారమైన నాడీకణాల జాడ ఇరవై ఐదేళ్లలో తేలుతుందని 1998లో తత్త్వవేత్త డేవిడ్ చామర్స్‌తో కాక్ పందెం కట్టారు. 2023 జూన్‌లో న్యూయార్క్ సభలో ఓటమి అంగీకరించి, పందెపు ద్రాక్షాసవాన్ని అందజేశారు. మరో ఇరవై ఐదేళ్ల గడువుతో మళ్ళీ పందేనికి సిద్ధమన్నారు. అప్పటికాయన వయస్సు 66.