అరటి పిలక

పచ్చని చెట్టుపై కత్తి యెత్తుటకు మన యిండ్లలో నొక జంకు గలదు. ఆ జంకులో దయ యున్నది. దానిని నేను పరిహసింపను. కాని దయ యొక్కటియే తోటను పెంపజాలదని కొల్లాపురమున మా దొడ్డిలోని యరటిగుంపు నాకు నేర్పినది.

మా స్వగ్రామము కృష్ణ యొడ్డున నుండెడిది. శ్రీశైలము జలాశయమునకై 1980వ దశకపు తొలినాళ్లలో ఆ యొడ్డు గ్రామములు పెక్కులు ఖాళీ యైనవి. అందు మాదియు నొకటి. కొల్లాపురమునకు చేరువనున్న సోమశిలలోని ప్రాచీనాలయమును రాయివెంట రాయి విప్పి, యెత్తైన చోట మరల కట్టిరి. మా యిల్లట్టిది కాదు. విప్పినచో నది మట్టియే. తలుపులును దూలములును బండి కెక్కినవి. మా యమ్మ మాత్రము బావిదగ్గరి యరటినుండి యొక పిలకను దుంపతో త్రవ్వించి, తడిగోనెలో చుట్టి, యొడిలో పెట్టుకొని వచ్చినది.

కొల్లాపురము మామిడికి పేరుగన్న యూరు. క్రొత్త దొడ్డిలో మామిడియంటు నాటుమని యిరుగుపొరుగువారు చెప్పిరి. అమ్మ వినక, స్నానపునీరు పారుచోట తన పిలకనే నాటినది. ఇంచుమించు ఏడాదికి గెల పండినది. ఆ పండ్లను మాతోపాటు ఊరు విడిచిన బంధువుల యిండ్లకు పంచినది.

చిక్కు అటుపిమ్మట మొదలైనది. తల్లిచుట్టు పిలకలు లేచినవి. ఒక్కదానినైనను కోయనీయదు. “కొయ్యకు బిడ్డా, అది మన ఊరిది” అనును. మూడవ యేటికి 14 బోదెలు ఒండొంటిని ఒరసికొనుచు నిలిచినవి. నడుమ వెలుతురు లేదు, గాలి లేదు. గెలలు చిక్కి, మూడు నాలుగు అత్తములకు మించకుండెను. ఒక గాలివానకు రెండు బోదెలు కాయ ముదురకమున్నే కూలినవి. కాపాడవలెనను పట్టుదలయే దానిని చెరుపుచుండెను.

మా యింటిపనికి వచ్చుచుండిన యొకామె, తానును మునిగిన యూరినుండి వచ్చినదే, ఒకనా డా గుంపును చూచి, “ఒక్క తల్లి ఇంతమందికి పాలెట్లిస్తదమ్మా?” అన్నది. అమ్మ బదులాడలేదు. మరునాడు తానే కొడవలి తెచ్చి యామె చేతికిచ్చినది.

ఆమె నేర్పిన పని పాఠకులకును పనికివచ్చును. అరటికి నిజమైన కాండము నేలలోని దుంప. పైకి కనబడు బోదె చాలవరకు ఆకుమట్టల చుట్టయే. ఒక బోదె యొక్కసారియే గెల వేసి చచ్చును. కావున గెల కోసిన బోదెను నిలుపుట చెట్టును కాపాడుట కాదు. పిలకలలో రెండు తెగలు గలవు. సన్నని కత్తివంటి యాకులతో దుంప నంటి బలముగా లేచునది సూదిపిలక. చిన్ననాటనే వెడల్పాకులు విప్పునది నీటిపిలక. చూపునకు నిండుగా నుండియు బలహీనము. తల్లి పువ్వు వేయువరకు పిలకలను నెల, నెలన్నరకొకమారు నేలమట్టముగా కోసి, నడిమి మొవ్వును చెరుపవలెను. లేనిచో మరల లేచును. పువ్వు వెడలిన పిమ్మట బలమైన సూదిపిలక నొక్కదానిని నిలుపవలెను. గెల కోసిన తరువాత తల్లిబోదెను నరికి ముక్కలుగా మొదట పరచినచో తేమ నిలుచును, ఎరువు నగును.

చలిదేశములలో రాస్ప్‌బెర్రీ యను పండ్లపొదను పెంచువారిదియు నిట్టి పద్ధతియే. దాని కాడ సామాన్యముగా మొదటి యేడు పెరిగి, రెండవ యేడు కాచి చచ్చును. కాచిన కాడను మొదలంట కోసి, క్రొత్తవానిలో బలమైన కొన్నింటిని నిలుపుదురు.

మంచి సూదిపిలకలను పారవేయక, దుంపతో త్రవ్వి పంచవచ్చునని యామె చెప్పినది. అమ్మ ముఖము తేటపడినది. ఏ యే యింటికి పంపవలెనో లెక్కపెట్టెను. అన్నియు మా వారి యిండ్లే. ఆమె దుంపల మన్ను దులుపుచు, “మా వాడకొకటి ఇయ్యరాదా అమ్మా? మా ఊరు గూడ ఆ నీళ్లల్లనే పోయింది” అన్నది. సంస్కరణమును గూర్చి పుస్తకములు చదివిన నేను ప్రక్కనే యుండి నోరు మెదపలేదు. ఆ మాట యామె యడుగకమున్నే నేననవలసినది. అమ్మ కొంతసేపు ఊరకుండి, అన్నింటిలో బలమైన పిలక నేరి, తన చేతితో నామె చేతిలో పెట్టినది.

కొన్నేండ్లకు మా గుంపు తెగులు సోకి యాకులు పండి సమూలముగా చచ్చినది. అమ్మ రెండు దినములు అన్నము సరిగా తినలేదు. మూడవనా డామె తడిగోనెలో నొక పిలకను చుట్టి తెచ్చినది. తెగులు తగిలిన చోటు విడిచి, దొడ్డి మరియొక మూలను నాటితిమి.

మనము తిను అరటిలో మొలకెత్తు విత్తులుండవు. పిలక యనగా ఆ తల్లియే. కావున నేడు మా దొడ్డిలో నున్నది మా బావిదగ్గరి చెట్టే. అమ్మ యిప్పుడు లేదు. బావి నీటిక్రింద నున్నది. అన్ని పిలకలను మా గోడలలోపలనే దాచుకొనియుండినచో ఆ చెట్టును నేడుండెడిది కాదు. ఏటేట కత్తి పట్టినపుడు ఏది నిలుపుదునా యనియే గాక, కోసినది ఎవరి కిత్తునా యనియు తలంతును.