అసూయమ్మ రేపిన యుద్ధం

ఇటలీలో వెరోనా నుంచి దక్షిణంగా 40 కిలోమీటర్లు వెళితే మాంటోవా వస్తుంది. ఊరికి మూడు వైపులా సరస్సులే! 12వ శతాబ్దంలో మించో నదికి కట్టలు వేస్తే ఏర్పడినవి. వేసవిలో వాటి నిండా తామరలు. గట్ల వెంట ఏపుగా పెరిగిన రెల్లు. సముద్రం మాత్రం కనుచూపుమేరలో లేదు. అయినా 'సముద్ర దేవతల యుద్ధం' బొమ్మ పుట్టింది ఈ ఊరి చిత్రకారుడి చేతిలోనే.

ఆయన ఆండ్రియా మాంటెన్యా. 1460 నుంచి 1506లో కన్నుమూసేదాకా గొంజాగా ప్రభువుల ఆస్థాన చిత్రకారుడు. రాగి రేకు మీద గీతలు చెక్కి, సిరా పూసి, కాగితంపై అచ్చు తీసే విద్య అప్పటికి ఇటలీలో కొత్త. ఈ బొమ్మ అలా అచ్చైందే. రెండు కాగితాలు పక్కపక్కన పెడితేగానీ పూర్తికాదు. నడుం కింద చేపల్లాంటి వీరులు, సగం గుర్రం సగం చేప అయిన వాహనాలు... కొట్టుకోవడానికి కర్రలు, ఎముకలు, ఆఖరికి చేపల గుత్తి కూడా! ఎడమవైపు ఎముకల గూడులాంటి ముసలమ్మ అరుస్తూ ఉంటుంది. ఆమె పట్టుకున్న పలక మీద లాటిన్‌లో 'అసూయ' అని పొడి అక్షరాల్లో ఉంటుంది. సముద్రాలకు రాజైన నెప్ట్యూన్ విగ్రహమేమో వీళ్లకు వీపు చూపిస్తోంది. వెనకంతా రెల్లు. సముద్రంలో రెల్లేమిటన్న సందేహం మాంటోవా గట్లు చూసినవాళ్లకు రాదు.

అసూయమ్మ ఆ ఊళ్లోనూ తిరిగినట్టే ఉంది. 1475లో మాంటెన్యా ఒక స్వర్ణకారుడితో ఒప్పందం రాయించుకున్నారు. తన బొమ్మలు చెక్కాలి, మూల చిత్రాలను ఎవరికీ చూపకూడదు. అదే ఏడాది సిమోనె అనే మరో చెక్కుడు పనివాడు ప్రభువుకు లేఖ రాశాడు. మాంటెన్యా బొమ్మల్ని దొంగతనంలో పోగొట్టుకున్న స్నేహితుడికి మళ్లీ చెక్కిచ్చినందుకు, పది మందికిపైగా సాయుధులతో మాంటెన్యా తన మీద దాడి చేయించాడని మొర! వెరోనాకు పారిపోయాడు పాపం.

ఇంత కాపలా కాసినా, 1494లో జర్మన్ కుర్రాడొకడు కుడి సగాన్ని కలంతో దించేశాడు. పేరు ఆల్బ్రెక్ట్ డ్యూరర్, వయసు 23. ఆ కాపీ వియన్నాలోని అల్బెర్టీనాలో భద్రంగా ఉంది. తర్వాత డ్యూరర్ బొమ్మల్ని ఇటలీవాళ్లు కాపీ కొట్టారు, ఆయనా లబోదిబోమన్నారు!

మాంటెన్యా 1476లో మొదలుపెట్టిన ఇల్లు మాంటోవాలో నేటికీ ఉంది. బయటికి చతురస్రం, లోపల గుండ్రటి వాకిలి. నడి మధ్య నిలబడి తలెత్తితే ఆకాశం పళ్లెంలా కనిపిస్తుంది.