నంద్యాల–ఆళ్లగడ్డ దారిలో బడి పద్దులు

నంద్యాల నుంచి సిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డకు సాగే 40వ నంబరు జాతీయ రహదారికి ఎడమ వైపు నల్లమల కొండలు, కుడి వైపు కుందూ నది పరీవాహకంలోని నల్లరేగడి పొలాలు ఉంటాయి. కాలువ నీళ్లు అందే చోట వరి, అందని చోట పత్తి, మిరప, శనగ పండే ఈ పల్లెల్లో విద్య మీద రాష్ట్రం పెట్టే ఖర్చు ఏ రూపంలో చేరుతోందో, చేరిన చోట చదువును ఎంతవరకు కదిలిస్తోందో బళ్లలోకి వెళ్లి చూస్తేనే తెలుస్తుంది. 2022 ఏప్రిల్ 4న కర్నూలు నుంచి విడిపడి నంద్యాల కేంద్రంగా ఏర్పడిన జిల్లా ఇది. 2011 జనాభా లెక్కల నాటికి ఉమ్మడి రాష్ట్రంలో అక్షరాస్యత 67 శాతం ఉండగా, ఉమ్మడి కర్నూలు జిల్లాలో అది 60 శాతం దగ్గరే ఆగింది. అదే జిల్లాలోని నంద్యాల పట్టణం బ్యాంకు ఉద్యోగ పరీక్షల శిక్షణకు పేరుపడి, దూరపు జిల్లాల యువతను కూడా రప్పించుకుంటోంది. ఉద్యోగం తెచ్చే చదువుకు ఇంత గిరాకీ ఉన్న నేల మీద అక్షరం దగ్గరే వెనుకబాటు ఉందంటే, లోపం జనం ఆసక్తిలో లేదు.

ప్రభుత్వ ఖర్చును ఆర్థికశాస్త్రం రెండుగా విడదీస్తుంది: భవనాలు, బల్లలు వంటి నిలిచి ఉండే ఆస్తులకు పెట్టేది మూలధన వ్యయం, జీతాలకు, భోజనానికి, నిర్వహణకు ఏటా పెట్టవలసి వచ్చేది రెవెన్యూ వ్యయం. మొదటిది ఈ దారి పొడవునా కంటికి కనిపిస్తుంది. 2019 నవంబరు 14న ఒంగోలులో మొదలైన ‘మన బడి నాడు–నేడు’ తొలి విడతలో రాష్ట్రవ్యాప్తంగా 15,715 బళ్లకు సుమారు 3,669 కోట్ల రూపాయలు వెచ్చించి మరుగుదొడ్లు, తాగునీరు, ఫ్యాన్లు, బెంచీలు, ఆకుపచ్చ బోర్డులు, ప్రహరీ గోడలు సమకూర్చారు. ఈ పనులను తల్లిదండ్రుల కమిటీల చేతికి అప్పగించడం మంచి నిర్ణయం, ఎందుకంటే తమ పిల్లలు కూర్చునే గది పనిని ఊరివాళ్లు దగ్గరుండి చూసుకుంటారు. అయితే మరుగుదొడ్డి కట్టడం ఒకసారి చేసే ఖర్చు కాగా, దాన్ని రోజూ కడిగించడం ఎప్పటికీ తెగని ఖర్చు. ఆయా జీతం, ఫినాయిలు, మోటారు మరమ్మతు సకాలంలో సాగకపోతే కట్టిన గదికి తాళం పడుతుంది, అప్పుడు ముందుగా బడి మానేది ఎదిగిన ఆడపిల్లే.

రెవెన్యూ వ్యయంలో నేరుగా ఇళ్లకు చేరేది తల్లుల ఖాతాలో పడే డబ్బు. 2020 జనవరిలో మొదలైన ‘అమ్మ ఒడి’ పిల్లలు ఎందరున్నా తల్లికి ఏడాదికి 15,000 రూపాయలుగా ఉండేది. 2025 జూన్‌లో వచ్చిన ‘తల్లికి వందనం’ దాన్ని ఒక్కొక్క బిడ్డకూ వర్తింపజేసి, అందులో 2,000 రూపాయలు బడి నిర్వహణకు మినహాయించి, మిగిలిన 13,000 తల్లికి ఇస్తోంది. తొలి ఏడాది 67 లక్షల మందికి పైగా విద్యార్థుల పేరిట ఇందుకు ప్రకటించిన మొత్తం 8,745 కోట్లు. 2025–26 బడ్జెట్‌లో పాఠశాల విద్యాశాఖకు చూపిన 31,805 కోట్లతో పోల్చి చూస్తే ఇది నాలుగో వంతుకు పైబడినది.

ఈ డబ్బు ఎందుకు అవసరమైందో ఆళ్లగడ్డ చుట్టుపక్కల విత్తన పత్తి చేలను చూస్తే అర్థమవుతుంది. సంకర విత్తనం తయారుచేయాలంటే సాయంత్రం పూట, మర్నాడు విచ్చుకోబోయే ప్రతి మొగ్గనూ గోటితో వలిచి పుప్పొడి తిత్తులను తీసేయాలి, పొద్దున్నే మగ మొక్క పువ్వు తెచ్చి దాని కీలాగ్రానికి రుద్దాలి. క్రాసింగ్ అనే ఈ పని యంత్రంతో కాదు, నెలల తరబడి రోజూ వేళ్లతోనే చేయాలి. చిన్న వేళ్లు, తక్కువ కూలి కోరే ఈ పనిలో బాలికలే ఎక్కువగా ఉన్నారని రెండు దశాబ్దాల కిందటి పరిశోధనలు నమోదు చేశాయి. చేలో ఆ పిల్ల సంపాదించే కూలికి ఎదురుగా నిలబడగలిగే డబ్బు తల్లి చేతికి రావడం, దానికి 75 శాతం హాజరు షరతు ఉండడం ఇక్కడ దానధర్మం కాదు, బాలిక పేరు హాజరు పట్టీలో నిలిచేందుకు రాష్ట్రం కడుతున్న న్యాయమైన ధర.

మధ్యాహ్న భోజనం సంగతీ అంతే. ప్రస్తుతం ఈ పథకం గోదావరి సీమ అన్నదాత్రి డొక్కా సీతమ్మ పేరుతో నడుస్తోంది. ఆకలికి అన్నం పెట్టడం ఈ నేలకూ కొత్త కాదు: ఆళ్లగడ్డ పక్కనే ఉన్న ఉయ్యాలవాడలో 1866 కరువు నాడు ఆకలిగొన్నవారికి అన్నం పెట్టిన బుడ్డా వెంగళరెడ్డిని ఈ ప్రాంతం ఇంకా తలుచుకుంటుంది. కోడిగుడ్డు, రాగిజావ, 2025 నుంచి సన్నబియ్యం చేరి భోజనం మెరుగుపడింది. వండే మహిళకు ఇచ్చే గౌరవ వేతనం మాత్రం 2019లో 1,000 నుంచి పెరిగిన 3,000 రూపాయల దగ్గర ఏళ్ల తరబడి నిలిచిపోవడం సమర్థించలేని విషయం.

అసలు చిక్కు తరగతి గదిలో ఉంది. పల్లెల్లోని చిన్న ప్రాథమిక పాఠశాలలో తరచుగా కనిపించే దృశ్యం ఇది: కొత్త ఆకుపచ్చ బోర్డు మధ్యలో పైనుంచి కిందికి సుద్దగీత, గీతకు ఒక పక్క ఒకటో తరగతి గుణింతాలు, మరో పక్క మూడో తరగతి తీసివేతలు, వాటి మధ్య అటూ ఇటూ తిరిగే ఒకే టీచరు. గుణింతం దిద్దించే సేపు లెక్కల పిల్లలు ఎదురుచూస్తారు, లెక్క సరిచూసే సేపు చిన్నపిల్లలు పలకలు చెరిపి మళ్లీ రాస్తారు. గ్రామీణ పిల్లల చదువును ఇంటింటికీ వెళ్లి పరీక్షించే ‘అసర్’ సర్వే ప్రకారం, రెండో తరగతి పాఠం చదవగల మూడో తరగతి పిల్లలు ఆంధ్రప్రదేశ్‌లో 2018లో 22.6 శాతం ఉండగా 2022లో 10.3 శాతానికి పడిపోయారు. బళ్లు మూతపడిన కరోనా కాలం ఇందుకు ఒక కారణమే కానీ, ముందున్న 22.6 కూడా సంతోషించదగిన అంకె కాదు.

విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది పిల్లల దాకా ఉన్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులు చాలు. అంటే ఐదు తరగతులను ఇద్దరు పంచుకోవడం చట్టం ఒప్పుకున్న ఏర్పాటే. 2022లో వచ్చిన 117వ నంబరు ఉత్తర్వు 3, 4, 5 తరగతులను దగ్గరి ఉన్నత పాఠశాలలకు తరలించి సబ్జెక్టు టీచర్లను అందించాలని చూసింది, దాంతో ఊళ్లో మిగిలిన బళ్లు పలచబడ్డాయి. 2025లో దాన్ని రద్దుచేసి, పిల్లలు తగినంత మంది ఉన్న చోట తరగతికొక టీచరు ఉండే ఆదర్శ ప్రాథమిక పాఠశాలలను తలపెట్టారు. అదే ఏడాది మెగా డీఎస్సీ, అంటే ఉపాధ్యాయ నియామక పరీక్ష, 16,347 పోస్టులకు జరగగా జిల్లాల వారీగా చూస్తే వాటిలో అత్యధికం ఉమ్మడి కర్నూలు జిల్లాకే వచ్చాయి. ఇక్కడి బళ్లు ఇన్నేళ్లూ టీచర్లు లేక ఎంత ఖాళీగా నడిచాయో దాన్నిబట్టే తెలుస్తోంది.

కొత్త టీచర్లు నల్లమల అంచు ఊళ్లకు చేరి, బదిలీల కాలం వచ్చినా పట్టణాల వైపు మళ్లకుండా మూడు నాలుగేళ్లు అక్కడే ఉంటేనే ఒక మూడో తరగతి మొత్తం చదవడం నేర్చుకుని పై తరగతికి పోగలదు. మారుమూల పోస్టింగుకు అదనపు భత్యం, ఊళ్లో ఉండేందుకు క్వార్టర్సు, ఆదర్శ బడికి దూరమైన పల్లెల పిల్లలు హైవే దాటి వచ్చేందుకు బండి ఖర్చు ఈ పద్దులో ముందుగా చేరవలసినవి.